కంప్యూటర్ ల్యాబులో మార్కులు దేనికి వేస్తున్నాం?

సంపాదకుల వారికి నమస్కారం.

గత విద్యా సంవత్సరం చివరలో ఒక ఇంజినీరింగు కళాశాలవారు తమ చివరి సంవత్సరం విద్యార్థుల ప్రాజెక్టు వైవాకు, అంటే మౌఖిక పరీక్షకు, నన్ను పిలిచారు. పద్దెనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ పనిలో ఉండి, అందులో ఎక్కువ కాలం బెంగళూరులో గడిపి, ఇప్పుడు తిరుపతిలో ఇంటి నుంచే పనిచేస్తున్నవాణ్ని కనుక నా మాట పిల్లలకు పనికొస్తుందని వారి ఉద్దేశం. మొదట వచ్చిన నలుగురి జట్టు ఆసుపత్రిలో రోగుల నమోదుకు ఒక వెబ్‌సైట్ చేశామని చెప్పింది. ఎనభై పేజీల రిపోర్టు, నల్ల అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు, లోపల ప్రోగ్రాము నిర్మాణాన్ని చూపే యూఎంఎల్ బొమ్మలు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. ఫోను నంబరు రాసే గడిలో నేను ఏడంకెలు కొట్టి చూస్తే వెబ్‌సైట్ తీసేసుకుంది. పదంకెలు లేకపోతే తీసుకోకుండా మార్చి చూపమని, తొందరేమీ లేదు, అరగంట తీసుకోమని చెప్పాను. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మార్పు ఏ ఫైలులో చేయాలో ఒక్కరికీ తెలియదు. కాసేపటికి వారిలో ఒక అమ్మాయి తల వంచుకుని, "సార్, కోడు ప్రాజెక్టు సెంటర్ వాళ్లు ఇచ్చారు. మేం పీపీటీ చేసుకున్నాం, రిపోర్టు బైండింగ్ చేయించాం" అని ఉన్న నిజం చెప్పేసింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, ఫైళ్లన్నింటిలో ఆ గడి పేరును ఎలా వెతకాలో ఒక్కటి చూపించాను. మిగిలిందంతా తనే చేసింది. మొదటిసారి మార్చాక పేజీయే తెరుచుకోలేదు. తెర మీద ఎర్రర్ చూడగానే భయపడి ల్యాప్‌టాప్ మూసేయబోతుంటే, అందులో లైన్ నంబరు కూడా ఉంది, చదువమ్మా అన్నాను. 41వ లైను దగ్గర ఒక బ్రాకెట్ మూయడం మరిచిపోయింది. అది సరిచేశాక వెబ్‌సైట్ ఏడంకెల నంబరును వెనక్కి కొట్టింది. నాలుగేళ్ల చదువులో ఒక తప్పును తన చేత్తో పట్టుకుని సరిదిద్దడం ఇదే మొదటిసారని ఆ పిల్ల అన్నప్పుడు నాకు కడుపు తరుక్కుపోయింది. గంటసేపట్లో నేర్చుకోగలిగిన పిల్లకు ఆ గంట నాలుగేళ్లలో ఎవరూ ఇవ్వలేదు.

ఏ ఒక్క కళాశాలనో వేలెత్తి చూపడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ల్యాబు మార్కులు దేనికి వేస్తున్నామో చూస్తే కారణం అక్కడే కనిపిస్తుంది. మాన్యువల్‌లో ఉన్న ప్రోగ్రామును విద్యార్థి అబ్జర్వేషన్ పుస్తకంలోకి ఎక్కించాలి, అక్కడి నుంచి మళ్లీ రికార్డులోకి ఎక్కించాలి, దాని కింద ఔట్‌పుట్‌ను కూడా చేత్తోనే రాయాలి. అన్ని పేజీలకూ సంతకాలు పడ్డాయా, ఇండెక్స్ నిండిందా అని అడిగేవారు ఉన్నంతగా, ఈ ప్రోగ్రాము ఒక్కసారైనా నడిపి చూశావా అని అడిగేవారు లేరు. పరీక్షనాడు తీసే చీటీలో ఆ ప్రోగ్రాముల్లోనిదే ఒకటి వస్తుంది కనుక బట్టీ పట్టినవాడు గట్టెక్కుతాడు. ఇప్పటికీ టర్బో సీ నీలం తెర మీదే సీ భాష నేర్పుతున్న ల్యాబులు ఉన్నాయి. అదే పని చేసే జీసీసీ కంపైలర్ ఉచితంగా దొరుకుతుండగా 1990ల నాటి ఆ సాధనాన్ని పట్టుకుని వేలాడవలసిన అవసరం ఏమిటో నాకు అర్థం కాదు. మార్కులు రికార్డులో ఉన్నంతకాలం పిల్లల శ్రమ అంతా రికార్డుకే పోతుంది.

ఉద్యోగంలో చేరాక ఎదురయ్యే పని దీనికి పూర్తిగా వేరు. మొదటి ఆరు నెలల్లో ఖాళీ తెర మీద కొత్త ప్రోగ్రాము మొదలుపెట్టే అవకాశం దాదాపు ఎవరికీ రాదు. ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన లక్షల లైన్ల కోడును చేతికిచ్చి, ఫలానా చోట లెక్క తప్పుతోంది చూడమంటారు. దాన్ని చదవాలి, ఆ తప్పు మళ్లీ వచ్చేలా చేసి చూడాలి, సరిచేయాలి, సరిచేసినందువల్ల ఇంకొకటి చెడలేదని టెస్టు రాసి చూపాలి, ఎందుకు మార్చారో నాలుగు మాటల్లో రాసి, కోడులో జరిగిన ప్రతి మార్పునూ దాచి ఉంచే గిట్‌లో పెట్టాలి, రివ్యూలో సీనియర్లు తప్పు పడితే చిన్నబుచ్చుకోకుండా మళ్లీ చేయాలి. ఇప్పుడు చాట్‌జీపీటీ వంటివి అడిగినంత కోడు రాసిస్తున్నాయి కనుక, రాసిందాన్ని చదివి అందులో తప్పు పట్టగల నేర్పు మునుపటికన్నా ఇంకా ముఖ్యమైంది. గిట్‌ను లైనక్స్ కెర్నల్ పని కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేశాడు. అది ఉచితం, ల్యాబులో ఉన్న పాత కంప్యూటర్ల మీద కూడా హాయిగా నడుస్తుంది. విద్యార్థి మొదటి సెమిస్టరులో రాసిన ప్రోగ్రామును అందులో పెట్టి, రెండో సెమిస్టరులో దాన్నే పెంచి, మూడో సెమిస్టరులో పక్క విద్యార్థి ప్రోగ్రాముతో మార్చుకుని తప్పులు వెతికేలా చేస్తే, ఏ రోజు ఎవరు ఏం రాశారో అందులోనే కనిపిస్తుంది. దానికీ దొంగదారులు ఉంటాయి, నిజమే. అయితే పరీక్షకుడు ఎదుట కూర్చుని చిన్న మార్పు ఒకటి చేయించినప్పుడు అవి నిలవవు.

చేతి పని నేర్పమంటే సిద్ధాంతాన్ని తగ్గించి, ఈ ఏడాది ఉద్యోగ ప్రకటనల్లో కనిపిస్తున్న ఫ్రేమ్‌వర్కును నేర్పమని నేను అనడం లేదు. అది రెండేళ్లకు పాతబడుతుంది. సిద్ధాంతం ఎక్కడ అవసరపడుతుందో పిల్లలు కళ్లారా చూడాలని నా కోరిక, అందుకు తగిన సమస్యలు మన ఇంటి ముందే ఉన్నాయి. చిత్తూరు జిల్లాలో తోతాపురి కాయ దిగే రోజుల్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరడం, రైతులు రాత్రంతా అక్కడే పడిగాపులు కాయడం మనమందరం చూస్తున్నదే. ఆ టోకెన్ల పనిని ఒక విద్యార్థి జట్టుకు అప్పగించామనుకోండి. చాలామంది రైతుల దగ్గర బటన్ ఫోనే ఉంటుంది కనుక యాప్ పనికిరాదు, ఎస్ఎంఎస్ పంపాలి. తెలుగులో పంపితే ఒక ఎస్ఎంఎస్‌లో 70 అక్షర సంకేతాలే పడతాయి, ఇంగ్లీషులోనైతే 160 పడతాయి. ఎందుకని వెతుక్కుంటూ పోతే అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్ అంటే ఏమిటో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. రెండు గేట్ల దగ్గర ఇద్దరు గుమాస్తాలు ఒకే క్షణంలో మీట నొక్కినా ఒకే నంబరు ఇద్దరు రైతులకు పోకూడదు. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపరులో మార్కుల కోసం బట్టీ పట్టిన మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్ అంటే అదే. నమోదు సగంలో ఉండగా కరెంటు పోతే ఆ రైతు వరుసలో ఉన్నట్టా, లేనట్టా అన్న ప్రశ్నకు డేటాబేసు పాఠంలోని ట్రాన్సాక్షన్, అంటే పని పూర్తిగా జరగాలి లేదా అసలు జరగనట్టే ఉండాలి అన్న పద్ధతి, జవాబు చెబుతుంది. పైగా, పండిన కాయ విద్యార్థి కోసం చెట్టు మీద ఆగదు కనుక గడువు అంటే ఏమిటో కూడా తెలిసొస్తుంది. రాత్రి పదింటికి టోకెన్ రాలేదని ఒక రైతు ఫోను చేస్తే, ఆ తప్పు వెతికి సరిచేసిన పిల్లవాడికి ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం 1957లో మొదలైనప్పటి నుంచే కొన్ని నెలలు చదువు, కొన్ని నెలలు ఉద్యోగం అనే పద్ధతిని నడుపుతోంది. మన దేశంలో బిట్స్ పిలానీ 1973లో, విద్యార్థులను సంస్థల్లో పనికి పంపే ప్రాక్టీస్ స్కూల్ మొదలుపెట్టింది. మన రాష్ట్రం కూడా 2020లో డిగ్రీ విద్యార్థులకు పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. అయితే నాకు తెలిసిన పిల్లల్లో చాలామంది ఏదో ఆన్‌లైన్ సర్టిఫికెట్ తెచ్చి దాన్ని ముగించారు. పరిశ్రమలో పనిచేసినవారిని ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్‌గా తీసుకోవచ్చని యూజీసీ 2022లో దారి చూపింది, మంజూరైన పోస్టుల్లో 10 శాతానికి మించకుండా. ఇలాంటివారిని పిలిచేటప్పుడు మన అధ్యాపకుల కష్టాన్ని మరువకూడదు. అరవై మంది విద్యార్థులున్న ల్యాబులో ఒకరిద్దరు అధ్యాపకులు ప్రతి పిల్లవాడి కోడూ చదవడం జరిగే పని కాదు. వారికి సహాయకులను ఇవ్వాలి, వేసవిలో రెండు నెలలు ఏదైనా సంస్థలో పనిచేసి వచ్చే వీలు కల్పించాలి.

ఈ లోటుకు మూల్యం చెల్లిస్తున్నది తల్లిదండ్రులు. నాలుగేళ్లు ఫీజు కట్టిన తండ్రి, పట్టా చేతికి వచ్చాక మళ్లీ అమీర్‌పేటలోనో, బెంగళూరు మారతహళ్లిలోనో కోచింగుకూ హాస్టలుకూ అప్పు తెచ్చి కడుతున్నాడు. తిరుపతిలో 1954 నాటి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, 1983లో మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది, 2015లో ఐఐటీ వచ్చింది, శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ ఉంది. ఇన్ని విద్యాసంస్థలు చేరువలో ఉన్న ఊరి పిల్లలు బస్సెక్కి పోయి ఆ పని నేర్చుకోవలసి రావడం నాకు బాధగా ఉంది.

అందుచేత ఈ ప్రాంతంలోని విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళిక మండళ్లకు నా విన్నపం ఒక్కటే. వచ్చే విద్యా సంవత్సరం నుంచి ప్రాజెక్టు వైవాలో, పరీక్షకుడు అక్కడికక్కడ అడిగిన చిన్న మార్పును జట్టులోని ప్రతి విద్యార్థీ విడివిడిగా చేసి చూపాలని, సగం మార్కులు దానికే ఉండాలని నియమం పెట్టండి. ఒక కళాశాల విద్యార్థులను ఇంకొక కళాశాల అధ్యాపకులతో పాటు పరిశ్రమలో ఉన్నవారు ఒకరు కూడా పరీక్షించే ఏర్పాటు చేయండి. తిరుపతి నుంచే పనిచేస్తున్న మిత్రులు కొందరు నాతో పాటు శనివారాలు రావడానికి సిద్ధంగా ఉన్నారు. మాకు పారితోషికం అక్కరలేదు. ల్యాబు తెరిచి ఉంచి, పిల్లలు తమ చేత్తో రాసుకున్న కోడును అందుబాటులో ఉంచితే చాలు.

భవదీయుడు,
ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు,
బైరాగిపట్టెడ, తిరుపతి