సర్వే అంకె సరే, అడిగిన ప్రశ్న ఏదండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్లో జనం ఎంత తృప్తిగా ఉన్నారో అని ఒక సర్వే వార్త వేశారు, సగటు అంకెలు చూపే రంగుల బొమ్మతో సహా. బొమ్మ బానే ఉంది గానీ ఇంతకీ వాళ్లని ఏం అడిగారో ఎక్కడా లేదు. రెండుసార్లు వెతికాను, ఆఖరి పేరా దాకా చదివాను, లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను కొన్నాళ్లు ఫారాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన మనిషినే. ఒక ఇంట్లో ఒకావిడ కుట్టు మిషన్ తొక్కుతూనే నాతో మాట్లాడుతోంది, పక్కన కుట్టాల్సిన బట్టల మూట. "మీరేమన్నా పని చేస్తారామ్మా" అని ఫారంలో ఉన్నది ఉన్నట్టు అడిగా. "లేదండీ, ఇంట్లో ఖాళీగానే ఉంటా" అంది, కాలు మాత్రం ఆగలా. మరి ఆ బట్టలెవరివి అంటే బయటివాళ్లవే, డబ్బులిస్తారు అంది! అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క ప్రకారం వారంలో ఒక్క గంట డబ్బు కోసం పని చేసినా ఆ మనిషికి ఉపాధి ఉన్నట్టే. నా ఫారంలో అంత వివరం లేదు, అవును, కాదు అని రెండు గళ్లు, అంతే. ఆవిడ అబద్ధమాడలేదు, ఆవిడ దృష్టిలో పని అంటే బయటికెళ్లి నెల జీతం తెచ్చుకోవడం.

మనిషికీ మనిషికీ మారేదాన్ని చరరాశి అంటాం, వేరియబుల్. వయసులాంటివాటితో పెద్ద గొడవ లేదు. తృప్తి, నమ్మకం, పని ఇలాంటివే చిక్కు, వీటిని ఏ ప్రశ్నతో కొలుస్తామో ముందే తేల్చుకోవాలి, ప్రశ్న మారితే అంకె మారుతుంది. ఇంకో సంగతి, ఆ ఖాళీ అనే జవాబు పదిసార్లు అడిగినా ఆవిడ అదే చెప్తుంది, అంటే విశ్వసనీయతకి ఢోకా లేదు, కానీ కొలవాల్సింది కొలవలేదు కాబట్టి సప్రమాణత సున్నా. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది, ఫారాలు తయారుచేసేవాళ్లలో కూడా ఉన్నారు.

ఇక సగటు సంగతి. పూర్తిగా ఒప్పుకుంటాను నుంచి అస్సలు ఒప్పుకోను దాకా ఐదు జవాబులిచ్చే పద్ధతి 1932లో లైకర్ట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పెట్టింది, ఇప్పుడు ఎక్కడ చూసినా అదే. ఆ ఐదింటికీ 1 నుంచి 5 దాకా నంబర్లేసి సగటు తీసేస్తారు. 1946లో స్టీవెన్స్ అనే ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త కొలతల్ని నాలుగు రకాలుగా విడగొట్టాడు, ఉత్త పేర్లు, వరస, సమాన దూరాలు, అసలైన సున్నా ఉన్నవి అని. తృప్తి జవాబులు వరస కిందకే వస్తాయి, పరుగు పందెంలో ఫస్ట్, సెకండ్ అన్నట్టు, మొదటివాడికీ రెండోవాడికీ మధ్య ఎంత దూరమో దాంట్లో తెలీదు కదా. అలాంటివాటికి సగటు తీయొచ్చా లేదా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు, ఆ గొడవలోకి నేను పోను. కానీ ఒకటి చూడండి, సగం మంది 1, సగం మంది 5 వేసినా సగటు 3, అందరూ 3 వేసినా సగటు 3. మొదటిది నిట్టనిలువునా చీలిపోయిన జనం, రెండోది ఏదోలే అనుకునే జనం, మీ బొమ్మలో రెండూ ఒకే రంగు!

పైగా నోటితో చెప్పేది వేరు, చేసేది వేరు. అమెరికాలో లాపియర్ అనే ఆయన ఒక చైనా జంటతో కలిసి తిరిగి 251 హోటళ్లకి, రెస్టారెంట్లకి వెళ్తే ఒక్కచోటే పొమ్మన్నారంట. తర్వాత చైనావాళ్లని రానిస్తారా అని వాళ్లకే ఉత్తరాలు రాస్తే జవాబిచ్చిన 128 మందిలో 90 శాతం పైనే రానివ్వం అన్నారు. ఇది 1934లో అచ్చయింది. తలుపు దగ్గర మర్యాదగా పలికినవాళ్లూ కాగితం మీద వద్దన్నవాళ్లూ ఒకరేనా అంటే కాకపోవచ్చు కూడా, అయినా కాగితం మీది జవాబుని పట్టుకుని జనం ఇలా చేస్తారు అని హెడ్డింగ్ పెట్టేముందు కాస్త ఆగాలి.

అదే వార్తలో చదువుకున్నోళ్లకి తృప్తి ఎక్కువ కాబట్టి చదువే కారణం అని కూడా రాశారు. పిల్లల చెప్పుల సైజు పెరిగేకొద్దీ చదవడం బాగా వస్తుంది, అలాగని పెద్ద చెప్పులు కొనిపెడతామా, రెండిటి వెనకా ఉన్నది వయసు. ఇక్కడ కూడా ఆదాయం లాంటి మూడోదేదన్నా ఉందేమో చూశారా మరి?

మీకు పెద్ద పనేం చెప్పట్లేదండీ, సర్వే వార్త వేసినప్పుడల్లా కింద ఒక చిన్న బాక్సులో అడిగిన ప్రశ్న మాటకి మాట, ఇచ్చిన ఆప్షన్లు, ఎంతమందిని ఎలా ఎంచుకుని అడిగారు, సగటుతో పాటు ఏ జవాబుకి ఎంతమంది అన్నది వేయండి చాలు. చోటు లేదంటే ఆ బొమ్మ కాస్త చిన్నది చేయండి.

ఇంతకీ ఆ కుట్టు మిషన్ ఆవిడ ఫారంలో నేను ‘కాదు’ దగ్గరే టిక్ పెట్టా. చెప్పింది చెప్పినట్టే రాయమని సూపర్‌వైజర్ గారు మరీ మరీ చెప్పారు మరి.

ఇట్లు,
మీ పాఠకుడు