సొరోరిటీ (అమెరికా కాలేజీల్లో అమ్మాయిల సంఘం) డ్రాప్ అయ్యే ముందు ఇది చదవండి

అమ్మాయిలూ, రష్‌లో (కొత్తవాళ్లని ఎంచుకునే రోజుల్లో) ఆ పాటలూ చప్పట్లూ చూసి చేరిపోయి ఇప్పుడు చాప్టర్ (మీ కాలేజీ శాఖ) మీటింగులు, ఫైన్లు, డ్యూస్ చూసి నీరసం రావడం మామూలే, కానీ నేషనల్ పాన్‌హెల్లెనిక్ కాన్ఫరెన్స్ (సొరోరిటీల సమాఖ్య) కింద ఉన్న 26 సొరోరిటీల్లో ఒకదాంట్లో ఇనిషియేట్ అయ్యాక (పూర్తి సభ్యురాలయ్యాక) ఇంక మిగతావాటిలో దేంట్లోనూ చేర్చుకోరు, అందుకే తొందరపడకండి. వందమందితో క్లోజ్ అవ్వడం ఎవరివల్లా కాదు (ఆ ఇన్‌స్టా ఫోటోలు నమ్మకండి తల్లీ), ఇద్దరు ముగ్గురు దొరికితే చాలు. మీ బిగ్‌తో (మీకు అక్కలా జత చేసిన సీనియర్‌తో) కాఫీకి కూర్చుని ఏది నచ్చట్లేదో ఉన్నదున్నట్టు చెప్పేయండి. ఫిలాంత్రపీ (సేవా కార్యక్రమాల) కమిటీలో చిన్న పని అడిగి తీసుకోండి, పార్టీల్లో కలవని మాటలు అక్కడ కప్‌కేక్ డబ్బాలు సర్దుతుంటే కలుస్తాయి. చాప్టర్ సీనియర్లకి లింక్డ్‌ఇన్‌లో ఇంటర్న్‌షిప్ గురించి మెసేజ్ పెట్టండి, కట్టిన డబ్బులకి అదైనా రావాలి కదా! హేజింగ్ (ర్యాగింగ్) లాంటిది జరిగితే మాత్రం ఇవేం ఆలోచించొద్దు, వెంటనే బయటికొచ్చేసి నాకు ఫోన్ చేయండి.