స్విచర్ కొనే ముందు మైకు సంగతి చూసుకోవాలి

సంపాదకులకు,

నమస్కారం. తెలుగు పాడ్‌కాస్టులపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం, సొంతంగా స్టూడియో పెట్టుకోవాలనుకునే యువతకు పనికొచ్చేదే. అయితే అందులో వీడియో స్విచర్లను (పలు కెమెరాల బొమ్మల్లో ఏది ప్రసారం కావాలో మార్చే పెట్టెలను) పోల్చిన తీరు చూస్తే, ఎన్ని ఎక్కువ కెమెరాలు తగిలించగలిగితే అంత మంచి స్విచర్ అన్న అభిప్రాయం కలుగుతోంది. గోదావరి జిల్లాల్లో పెళ్లిళ్లకు, దేవాలయాల్లో జరిగే కల్యాణాలకు లైవ్ మిక్సింగ్ చేస్తూ, అప్పుడప్పుడు ఇంటర్వ్యూల చిత్రీకరణకు కూడా వెళ్లే నాకు ఆ అభిప్రాయంతో పేచీ ఉంది. కెమెరాల లెక్క తర్వాత చూసుకోవచ్చు. మైకులు ఆ పెట్టెలోకి ఎలా వెళతాయో ముందు తేల్చుకోవాలి.

2019లో బ్లాక్‌మ్యాజిక్ సంస్థ ఏటెమ్ మినీ అనే స్విచర్‌ను 295 డాలర్లకు తెచ్చిన తర్వాతే నాలుగు కెమెరాల మిక్సింగ్ మా వంటి చిన్న ఆపరేటర్లకు అందుబాటులోకి వచ్చింది. ఆ ఉపకారాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే దానికి కెమెరాల బొమ్మ అందుకునే నాలుగు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లతో పాటు ఉన్నవి రెండు 3.5 మిల్లీమీటర్ల చిన్న ఆడియో జాక్‌లు మాత్రమే. పాడ్‌కాస్టులలో వాడే, మూడు పిన్నుల పెద్ద ప్లగ్ ఉండే ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు నేరుగా అందులో పట్టదు. కండెన్సర్ రకం మైకుకు తీగ ద్వారానే అందాల్సిన 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) కూడా అది ఇవ్వదు. కనుక పక్కన ఒక ఆడియో మిక్సర్ తప్పనిసరి. మరో చిక్కేమిటంటే, ఏటెమ్ మినీకి గాని, మినీ ప్రోకు గాని హెడ్‌ఫోన్ పెట్టుకునే చోటే లేదు. ఎక్స్‌ట్రీమ్ అనే పెద్ద మోడల్‌కు మాత్రమే ఉంది. మిక్సర్ దగ్గర హెడ్‌ఫోన్ పెట్టుకుంటే స్విచర్‌లోకి వెళ్లే శబ్దం వినిపిస్తుందే తప్ప, స్విచర్ నుంచి జనానికి చేరే శబ్దం వినిపించదు. ఆ రెండింటికీ మధ్యే సాధారణంగా తగువు వస్తుంది.

ఆ తగువు ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి. కెమెరా తీసిన బొమ్మ దాని లోపల ప్రాసెస్ అయి, స్విచర్‌లో మిగతా కెమెరాల బొమ్మలతో సమకాలానికి వచ్చేసరికి రెండు మూడు ఫ్రేముల (వీడియోలోని ఒక్కో నిశ్చల బొమ్మ ఒక ఫ్రేము) ఆలస్యం జరగడం మామూలే. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన ఒక్కో ఫ్రేముకు 40 మిల్లీసెకన్లు, అంటే మూడు ఫ్రేములకు 120. మిక్సర్ నుంచి వచ్చే శబ్దానికి ఈ జాప్యం ఉండదు. ఫలితంగా పెదవి కదలకముందే మాట వినిపిస్తుంది. చెరువు అవతలి గట్టున చాకిరేవులో బట్ట బండకు తగిలిన కాసేపటికి చప్పుడు వినిపిస్తే మనకు వింతగా ఉండదు. చప్పుడు ముందు వచ్చి, బట్ట తర్వాత తగిలితే ఎవరికైనా ఎబ్బెట్టుగా ఉంటుంది. ఏటెమ్‌కు కంప్యూటర్ తగిలించి, దాని కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో మైకు లైనుకు తగినంత డిలే (ఆలస్యం) పెట్టుకుంటే ఇది సర్దుకుంటుంది. కెమెరా ముందు ఒకరిని చప్పట్లు కొట్టించి, చేతులు కలిసినప్పుడే శబ్దం పడేలా ఒక్కో ఫ్రేము చొప్పున జరుపుకోవాలి. కొనేవారికి దుకాణంలో ఈ పని చేసి చూపించిన వారిని నేనింతవరకు చూడలేదు.

ఈ కోణంలో చూసినప్పుడు, 2024లో రోడ్ సంస్థ తెచ్చిన రోడ్‌కాస్టర్ వీడియో, ఇద్దరు ముగ్గురు కూర్చుని మాట్లాడుకునే గదికి ఎక్కువ సరిపోతుందని నా అభిప్రాయం. మైకుల తయారీలో పేరున్న సంస్థ కావడం వల్ల కాబోలు, నాలుగు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ల పక్కనే రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ మైకులను నేరుగా తగిలించే వీలు కల్పించారు. మార్కెట్లోకి వచ్చినప్పుడు ధర మాత్రం 1,199 డాలర్లు. ఎవరు మాట్లాడితే వారి కెమెరాకు తానే మారే సదుపాయం కూడా అందులో ఉంది, ప్రకటనల్లో అందరినీ ఆకర్షించేది అదే. ఒంటిచేత్తో పాడ్‌కాస్ట్ నడుపుకునేవారికి అది నిజంగా ఆసరా. కాని మన మాటతీరు వేరు. ఎదుటివారు చెబుతున్నంతసేపూ మనం ‘ఊఁ’, ‘ఆఁ’, ‘అవునవును’ అంటూనే ఉంటాం. మైకులు దగ్గరదగ్గరగా ఉండి, గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే స్థాయి) ఎక్కువగా ఉంటే ప్రతి ‘ఊఁ’కీ బొమ్మ మారి, చూసేవారికి కళ్లు తిరుగుతాయి. గెయిన్ తగ్గించి, మైకును నోటికి దగ్గరగా జరిపితేనే ఆ సదుపాయం సక్రమంగా పనిచేస్తుంది. ఇక పెళ్లిలో దానిని వాడే ప్రసక్తే లేదు: జీలకర్ర బెల్లం వేళ పురోహితుడు ‘గట్టిమేళం’ అనగానే డోలు, సన్నాయి ఒక్కసారిగా అందుకుంటాయి, అప్పుడు శబ్దాన్ని నమ్ముకున్న యంత్రం వధూవరులను వదిలేసి డోలు వాద్యకారుని చూపిస్తుంది. ఆయనకు అభ్యంతరం ఉండదు గాని, పెళ్లివారికి ఉంటుంది.

పెళ్లిపనికి మరో లెక్క ఉంది. ఇప్పుడు చాలా మండపాల్లో ఎల్‌ఈడీ వాల్ (పెద్ద తెర) ఉంటోంది. ఏటెమ్ మినీకి, మినీ ప్రోకు ఉన్నది ఒక్కటే హెచ్‌డీఎంఐ అవుట్. దానిని వాల్‌కు ఇచ్చేస్తే, ఆపరేటర్ చూసుకోవడానికి మానిటర్ మిగలదు. మినీ ఎక్స్‌ట్రీమ్‌కు, రోడ్‌కాస్టర్ వీడియోకు రెండేసి అవుట్లు ఉన్నాయి. ప్రతి కెమెరానూ విడివిడిగా రికార్డు చేసే ఐఎస్‌ఓ మోడళ్ల కోసం పెళ్లివారు అదనంగా ఖర్చు పెట్టనక్కరలేదు, ఎందుకంటే కెమెరాలు ఎలాగూ తమ కార్డుల్లో రికార్డు చేసుకుంటాయి. పాడ్‌కాస్టుకు మాత్రం అది అక్కరకు వస్తుంది: అతిథి నవ్విన క్షణంలో వేరే కెమెరా నొక్కి ఉంటే ఎడిటింగ్‌లో సరిదిద్దుకోవచ్చు.

ఆరుబయట పనులకు బ్యాటరీ, స్క్రీన్, సిమ్ అన్నీ తనలోనే ఉన్న యోలోబాక్స్ ప్రో వంటి స్విచర్లు అనుకూలం. అయితే దానికి హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లు మూడే ఉంటాయి. సెకనుకు 6 మెగాబిట్ల చొప్పున ప్రసారం చేస్తే గంటకు సుమారు 2.7 జీబీ డేటా ఖర్చవుతుంది. శ్రీరామనవమి కల్యాణం నాలుగు గంటలు సాగితే దాదాపు 11 జీబీ. వేలాది మంది భక్తులు, వారందరి చేతుల్లో ఫోన్లు ఉన్నచోట సిమ్‌నే నమ్ముకోవడం సాహసమే కనుక, దేవస్థానం వారిని బ్రాడ్‌బ్యాండ్ లైను అడగడం మేలు. హెచ్‌డీఎంఐ ప్లగ్‌కు బిగింపు ఉండదు కాబట్టి, తీగను స్విచర్ పక్కనే బల్లకు టేపుతో అంటించాలి. ఎవరి కాలైనా తగిలితే టేపు ఊడుతుంది, బొమ్మ పోదు.

అమెరికాలో ఉన్న బంధువుల చేత ఇవన్నీ తెప్పించుకునేవారికి ఒక మనవి. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి. అక్కడి కెమెరాలు సాధారణంగా సెకనుకు 30 లేదా 60 ఫ్రేములకు సెట్ చేసి వస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, ఆ సెట్టింగుతో తీస్తే కొన్ని దీపాల కింద బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. పైగా ఏటెమ్ ఆటో సెట్టింగులో ఉన్నప్పుడు మొదట తగిలించిన కెమెరా ఫార్మాట్‌నే పట్టుకుంటుంది కనుక, ముందుగా ఆ కెమెరానే పెట్టినవారికి ప్రసారమంతా అదే లెక్కలో నడుస్తుంది. కెమెరాలన్నిటినీ 25 లేదా 50 ఫ్రేములకు మార్చుకున్న తర్వాతే స్విచర్‌కు తగిలించాలి.

మీ పత్రిక ఇకపై ఇటువంటి పరికరాల ధరల పట్టిక ప్రచురించేటప్పుడు కెమెరాల సంఖ్యతో పాటు ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు ఇన్‌పుట్లు ఎన్ని, హెడ్‌ఫోన్ జాక్ ఉందా, ఆడియో డిలే పెట్టుకునే వీలు ఎక్కడుంది, హెచ్‌డీఎంఐ అవుట్లు ఎన్ని అన్న వివరాలు కూడా ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక లైవ్ మిక్సింగ్ ఆపరేటర్,
రాజమహేంద్రవరం