పోస్టరు వైద్యాన్ని నమ్మొద్దు

సంపాదకులు గారికి,

చెన్నై లోకల్ రైళ్లలో 'మగతనం' పోస్టర్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. లైంగిక సామర్థ్యం పెంచుతామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. సిగ్గుతో మనవాళ్లు ఆ పోస్టరు వైద్యుల గుమ్మమే తొక్కుతున్నారు, అదే మా బాధ.

అంగస్తంభన లోపం చాలాసార్లు గుండెజబ్బుకు ముందస్తు హెచ్చరిక. అంగానికి రక్తం తీసుకెళ్లే ధమనులు గుండె ధమనుల కన్నా సన్నవి, కాబట్టి పూడిక ప్రభావం ముందు అక్కడే బయటపడుతుంది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూడకుండా మందివ్వడం వైద్యం కాదు. టెస్టోస్టిరాన్ (పురుష హార్మోన్) పరీక్ష ఉదయం పూటే, పరగడుపున చేయించాలి. తక్కువ వస్తే మరో రోజు మళ్లీ చూడాలి.

'మూలికా' పొడుల్లో సిల్డెనాఫిల్ (అంగస్తంభనకు వాడే వయాగ్రా మందు) కలిపి అమ్మడం చాలాచోట్ల బయటపడింది. ఛాతీనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవారు అది మింగితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. సిల్డెనాఫిల్ తర్వాత కనీసం 24 గంటలు, అదే కోవకు చెందిన టడలాఫిల్ తర్వాత 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదు. ఏది వేసుకున్నారో అత్యవసర విభాగంలో దాచకుండా చెప్పాలి.

లైంగిక వైద్య నిపుణుల సంఘాలు అర్హులైన డాక్టర్ల జాబితాను, అంగస్తంభన లోపాన్ని అంచనా వేసే 25 మార్కుల అయిదు ప్రశ్నల పత్రాన్ని తెలుగులోనూ అచ్చు వేసి ఇక్కడి ప్రభుత్వాసుపత్రుల్లో ఉంచాలి. అందులో 21 లేదా అంతకన్నా తక్కువ వస్తే డాక్టరును కలవాలి.

– కొందరు తెలుగు వైద్యులు, చెన్నై