పి అంటే వాల్యూమ్ తగ్గించమని కాదు

సంపాదకులకు నమస్కారం.

పాశ్చాత్య స్వరలిపిలో స్వరాల కింద వాలుగా ముద్రించే పి, ఎఫ్ అనే అక్షరాలను మన పిల్లలకు నేర్పుతున్న తీరు గురించి ఈ లేఖ రాస్తున్నాను. కీబోర్డు పాఠాలకు నా దగ్గరికి కొత్తగా వచ్చే పిల్లల్లో చాలామంది పి కనబడగానే ఒక చెయ్యి తీసి వాల్యూమ్ తగ్గిస్తారు, ఎఫ్ రాగానే పెంచుతారు. వారికి అలాగే చెప్పారు కనుక తప్పు వారిది కాదు.

ఇందులో మన మాటల వల్ల వచ్చే చిక్కు కూడా ఉంది. ఇటాలియన్ భాషలో ఎఫ్ అంటే ఫోర్తే, అంటే బలంగా; పి అంటే పియానో, అంటే మృదువుగా. దాన్ని మనం 'మెల్లగా' అని చెబితే, తెలుగులో ఆ మాటకు నెమ్మదిగా అనే అర్థం కూడా ఉన్నందువల్ల, పిల్లవాడు చప్పుడుతో పాటు నడక కూడా తగ్గిస్తాడు. 'తక్కువ స్థాయి' అంటే మరీ పొరపాటు. కర్ణాటక సంగీతం కాస్త తెలిసిన పిల్లలకు స్థాయి అంటే మంద్రం, తారం గుర్తుకొస్తాయి గానీ నాదబలం కాదు. 'మృదువుగా', 'బలంగా' అనే మాటలతో ఈ ఇబ్బంది ఉండదని నా అనుభవం.

అసలు విషయం ఏమిటంటే, ఈ గుర్తులకు డెసిబెల్ లెక్క లేదు. ఫ్లూటు బలంగా పలికినా ట్రంపెట్ బలానికి సాటి రాదు. రెండు చేతులకూ పి అనే రాసి ఉన్నా, పాట నడిపించే చెయ్యి కొంచెం ముందుకు వినబడాలి. ఏ గుర్తుకైనా అర్థం దాని ముందూ వెనుకా ఉన్నవాటిని బట్టే తేలుతుంది. 1792లో లండన్‌లో తొలిసారి వినిపించిన, ఆస్ట్రియా స్వరకర్త హైడన్ వాద్యబృందం కోసం రాసిన 94వ సింఫనీ రెండో భాగాన్ని వినండి. చిన్నపిల్లలు కూడా పాడగలిగేంత సరళమైన వరుస మృదువుగా మొదలై, రెండోసారి ఇంకా మృదువుగా సాగి, చివర ఒక్కసారిగా వాద్యబృందమంతా డోళ్లతో సహా ఫోర్తిస్సిమోలో, అంటే చాలా బలంగా, పలుకుతుంది. ముందరి పదిహేను కొలతలను (స్వరలిపిలో నిలువు గీతల మధ్య ఉండే తాళభాగాలను) గట్టిగా వాయించేస్తే ఆ దెబ్బకు ఎవరూ ఉలిక్కిపడరు.

పియానోకు ముందు వాడుకలో ఉన్న మెట్ల వాద్యం హార్ప్సికార్డులో తీగను మీటడమే తప్ప వేలి ఒత్తిడితో బలం మార్చడం దాదాపు సాధ్యం కాదు. ఆ లోటు తీర్చడానికే ఫ్లోరెన్సులో బార్తొలొమేయో క్రిస్తోఫోరి 1700 ప్రాంతంలో సుత్తులతో పనిచేసే వాద్యాన్ని తయారుచేశాడు. మృదువుగానూ బలంగానూ పలికేది కనుకనే దానికి పియానో అనే పేరు వచ్చింది. ఎలా నొక్కినా ఒకే చప్పుడు చేసే కీబోర్డును ఈనాడు పిల్లల చేతికిస్తే, మూడు శతాబ్దాల కిందటి ఆ లోటునే మళ్లీ వారికి అంటగట్టినట్టవుతుంది.

కాబట్టి కీబోర్డులు కొనే పాఠశాలలూ తల్లిదండ్రులూ, వందలకొద్దీ రకాల శబ్దాలున్నాయా అని అడగడానికి ముందు, టచ్ రెస్పాన్స్ (నొక్కే తీరును బట్టి నాదబలం మారే సౌకర్యం) ఉందా అని అడగవలసిందిగా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. దుకాణంలోనే ఒకే మెట్టును ఒకసారి సుతారంగా, ఒకసారి గట్టిగా నొక్కి చూస్తే తెలిసిపోతుంది.

— ఒక కీబోర్డు ఉపాధ్యాయురాలు,
రాజమహేంద్రవరం