రిమార్క్స్ గడికి మాత్రమే

శ్రీకాకుళం

బుజ్జీ,

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీకి చేస్తున్న మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ ఫారంలో ప్రతి గడికీ స్పెల్‌చెక్ తగిలించకమ్మా. ఊరు, మండలం గడుల్లో అదొక తలనొప్పి. ఎచ్చెర్ల, నరసన్నపేట దాని డిక్షనరీలో ఎక్కడుంటాయి? అక్కడ జాబితాలోంచి ఎంచుకునే కాంబో బాక్స్ పెట్టి, జాబితాలో లేనిది కొట్టనివ్వకుండా లిమిట్ టు లిస్ట్ ‘యెస్’ చెయ్యి. మండలాల పట్టిక పాతది తెచ్చుకునేవు సుమా! 2022 ఏప్రిల్ 4 నుంచి రాజాం విజయనగరం జిల్లా, పాలకొండ మన్యం జిల్లా.

స్పెల్‌చెక్ కావలసింది వాక్యాలు రాసే రిమార్క్స్ గడికి. కోడ్‌ను దాని ఆఫ్టర్ అప్‌డేట్‌లో, అంటే గడిలో మార్పు నమోదయ్యాక నడిచే చోట రాయి. బిఫోర్ అప్‌డేట్‌లో ఆ గడి విలువనే మార్చబోతే 2115 ఎర్రర్ వస్తుంది. ముందు ఎన్‌జెడ్ ఫంక్షన్‌తో గడి ఖాళీయేమో చూడు, ఖాళీ అయితే అక్కడితో వదిలెయ్. లేకపోతే సెలెక్షన్ మొదలయ్యే చోటు సెల్‌స్టార్ట్ సున్నా, దాని పొడవు సెల్‌లెంగ్త్ ఉన్న అక్షరాలన్ని. ఇలా సెలెక్ట్ చేయకుండా వదిలితే యాక్సెస్ ఈ గడి దగ్గర ఆగదు, మిగతా రికార్డులన్నీ తవ్వుకుంటూ పోతుంది. ఆ తర్వాతే స్పెల్‌చెక్‌ను నడిపే డూసీఎండీ డాట్ రన్‌కమాండ్ ఏసీసీఎండీస్పెల్లింగ్.

తప్పులేమీ లేకపోయినా ‘చెకింగ్ పూర్తయింది’ అని ప్రతిసారీ డబ్బా వస్తుంది. దాన్ని ఆపాలంటే ఆ లైనుకు ముందు హెచ్చరికలు ఆపే సెట్‌వార్నింగ్స్ ఫాల్స్, వెనకాల ట్రూ. మధ్యలో ఎర్రర్ వస్తే ట్రూ లైను దాకా రాదు కదా, అందుకే ఎర్రర్ హ్యాండ్లర్ కూడా ఆ లైను మీదుగానే బయటికెళ్లాలి. ఫాల్స్‌లో ఉండిపోయిందో, డిలీట్ క్వెరీ ఒక్క మాటైనా అడక్కుండా రికార్డులు లేపేస్తుంది. స్పెల్లింగ్ తప్పు దీని ముందు ఎంత!

అంతా సరిగా రాశాక కూడా ఏ తప్పూ పట్టుకోవట్లేదంటే క్యాప్స్ లాక్ చూడు. మన ఆఫీసుల్లో అన్నీ పెద్దక్షరాల్లోనే కొడతారు, ఆఫీస్ వాటిని వదిలేస్తుంది. ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్‌లోకి వెళ్లి ‘ఇగ్నోర్ వర్డ్స్ ఇన్ అప్పర్‌కేస్’ టిక్ తియ్యి. కిందనే ఉన్న, అంకెలున్న మాటల టిక్ మాత్రం కదపకు. అది తీస్తే డబ్ల్యూ240, డబ్ల్యూ320 అని జీడిపప్పు గ్రేడు కొట్టిన ప్రతిసారీ ఆగి అడుగుతుంది.

‘యాడ్’ నొక్కి చేర్చిన మాటలు ఆ కంప్యూటర్‌లో ఆ లాగిన్‌కే ఉంటాయి. పక్క సీటులో మళ్లీ మొదటికే. యాప్‌డేటా, రోమింగ్, మైక్రోసాఫ్ట్, యూప్రూఫ్ ఫోల్డర్‌లో ఆ మాటలు దాచే కస్టమ్ డాట్ డిక్ ఫైలు ఉంటుంది, లైనుకో మాట. ఆఫీస్ ప్రోగ్రాములన్నీ మూసేసి దాన్ని మిగతా సిస్టమ్‌లలో అదే చోట పెట్టు. వాళ్లు ముందే చేర్చుకున్న మాటలుంటే మాత్రం పైన పడేసి తుడిచెయ్యకు, నీ మాటలు వాటి కింద అతికించు. వర్డ్ కూడా ఆ ఫైలే వాడుతుంది.

అమ్మ