బావ జీడిపప్పు, గూగుల్ గోల

ఒరేయ్ బక్కోడా,

ఇన్నాళ్లూ రాయలేదని తిట్టుకుంటూనే ఉంటావు, తిట్టుకో. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, పెద్దదానికి టెన్త్ టెన్షన్, ఏడు రోడ్ల జంక్షన్‌లో ట్రాఫిక్ మరీ ఘోరం. ఇక అసలు సంగతి, చెప్పకపోతే కడుపు ఉబ్బేలా ఉంది.

కాశీబుగ్గలో మా బావ జీడిపప్పుకి వెబ్‌సైట్ పెట్టాడుగా. మొన్న ఎవరో ఒకాయన వచ్చి, ఎస్‌ఈఓకి, అంటే గూగుల్‌లో వెతికితే మన సైట్ పైన కనపడేలా చేసే పనికి, డబ్బు కట్టండి, నెల తిరక్కుండా గూగుల్‌లో ఒకటో పేరు మీదే, గ్యారంటీ అన్నాడు. బావ దీపావళి ప్రచారం డబ్బంతా ఆయన చేతిలో పెట్టడానికి తయారు! నేను ఊరుకుంటానా? ఒకటో స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరనీ, ఫలితం కనపడటానికి నాలుగు నెలల నుంచి ఏడాది దాకా పడుతుందనీ గూగుల్ వాళ్లే చెప్పింది ఫోన్లో తీసి చూపించా. ఆయన మొహం చూడాలి, కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఆ రోజు నీ మొహం అచ్చం అదే.

దాంతో బావ రెండో కొసకి ఎగిరాడు. "మరైతే అంతా యాడ్స్‌కే తగలేద్దుమా ఏటి?" అని. ఇక గొడవ. అక్క పకోడీలు తెచ్చినా ఎవరూ ముట్టలేదు, నేను తప్ప. యాడ్ డబ్బు కట్టినన్నాళ్లే కనిపిస్తుంది, ఆపితే మాయం. కానీ పండగ ఆర్డర్లు ఇప్పుడే కావాలంటే అదే దిక్కు, దానికి తోడు పాత కస్టమర్లకి వాట్సాప్. ఎస్‌ఈఓ వచ్చే ఏడు కోసం. అదీ ఉత్త "జీడిపప్పు" అనే మాట మీద పెద్ద షాపింగ్ సైట్లతో కుస్తీ పడితే... వద్దులే. ఫోన్ చేసిన ప్రతివాడూ డబ్ల్యూ 240కీ డబ్ల్యూ 320కీ తేడా ఏంటని అడుగుతాడట. పౌనుకి సుమారు ఎన్ని పలుకులు తూగుతాయో ఆ అంకె, అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది. రోజూ నోటితో చెప్పే ఆ జవాబునే ఫొటోలతో ఒక పేజీ చెయ్యమన్నా, గూగుల్‌లో వెతికేవాడు అడిగేదీ అదేగా! జనం ఏ మాటలు వెతికి సైట్‌కి వచ్చారో గూగుల్ వాళ్లదే సెర్చ్ కన్సోల్ అని ఒకటుంది, దాంట్లో ఉచితంగా తెలుస్తుంది, మిగతా పేజీలు అది చూసుకుని.

ఇంకో ఘోరం విను. గూగుల్ మ్యాప్స్‌లో కొట్టు పేరు పెట్టుకోడానికి పైసా ఖర్చు లేదు, ఈ మహానుభావుడు అదీ చెయ్యలేదు! పలాస స్టేషన్‌లో దిగి ఎవరైనా వెతికితే పక్క కొట్టు వస్తోంది. అది చూశాక గానీ దిగిరాలేదు. డబ్బులో ఎక్కువ భాగం దీపావళి దాకా యాడ్స్‌కి, పేజీలు మాత్రం ఇప్పట్నుంచే మొదలు.

రాసేది ఎవరనుకున్నావ్? తెలుగులో నేను, ఇంగ్లీషులో నువ్వు. కాదన్నావో, ఆమదాలవలస ప్లాట్‌ఫారం మీది ఆ టీ సంగతి మీ ఆవిడకి... ఆటోవాడు హారన్ చంపేస్తున్నాడు, ఉంటా